పరాంకుశం మజ్జిగ అడిగిన ఇళ్లు

శుద్ధ పాడ్యమి

గాలి బాగుంది. గాలి జల్లెడ రెండుసార్లు దులిపాను. తోటకూర మళ్లలో నాలుగు మొలకలు వాడాయి. నీళ్లు రెండు బిందెలు.

ఇవాళ పొద్దు పొడిచింది. ఇక పౌర్ణమి దాకా గుంకదు. కిటికీ మూత తీస్తే బయట బూడిద నేల మీద ప్రతి రాయికీ మైలు పొడవు నీడ. దూరంగా అంచు మీద భూమి నిండుగా, నీలంగా కూర్చుని ఉంది.

ఇంటికొకరు ఈ గాలి పుస్తకం రాయాలని చంద్రుడి మీది మా ఊరి నియమం. మా ఇంట్లో ఆ పని నాది. నేను చదివింది ఐదో తరగతి. అయినా గాలి సంగతి రెండు ముక్కలు రాశాక చెయ్యి ఆగదు. పెద్దలు మొదటి వరస చూసి పేజీ తిప్పేస్తారు. మిగతాది నా సొంతం.

మా ఆయన గవరయ్య రేపు మంచు బండి మీద వెళ్తున్నారు. ఎండ తగలని గుంటల్లో మంచు తవ్వి తెస్తేనే మా ఊరికి నీళ్లు. వెళ్లడానికి మూడు రోజులు, రావడానికి మూడు. పెళ్లయి ఐదు నెలలైంది. ఆయన మంచివారు. ఎదురుగా ఉంటే నాకు మాట పెగలదు, అంతే. బయటి నుంచి వచ్చినప్పుడు ద్వారం గదిలో ఆయన బట్టల మీది దుమ్ము కుంచెతో దులపడం నా వంతు. భుజాలు, వీపు, మోకాళ్లు. ఆ కాసేపూ ఇద్దరం మాట్లాడుకున్నట్టే ఉంటుంది.

శుద్ధ విదియ

గాలి బాగుంది. నీళ్లు ఒకటిన్నర బిందె.

బండి వెళ్లింది. మా ఆయనా, అప్పలకొండ మొగుడు సత్తిరాజూ, గౌరమ్మ గారి కొడుకు లక్షుమ్నాయుడూ. చింతపండు పులిహోర డబ్బాలో పెట్టి ఇచ్చాను. జాగ్రత్త అని చెప్పాలనుకుని డబ్బా మూత గట్టిగా బిగించాను.

ద్వారం తెరిచే ముందు పరాంకుశం దగ్గాడు, మీసం సర్దుకుంటున్నట్టు. "బల్లి ఏదీ లేదు కదా?" అని అడిగాడు. లేదని ముగ్గురూ గంభీరంగా చెప్పాక తెరిచాడు. ఈ ఊరు పుట్టాక ఇక్కడ ఎవరూ బల్లిని చూడలేదు.

పరాంకుశం మనిషి కాదు. ద్వారాలు తెరవడం, బండ్ల కబురు వినడం, గాలి ఎంతుందో ఇంటింటికీ చెప్పడం చేసే యంత్రం. మొదట్లో దాని గొంతు రేకు డబ్బా మోతలా ఉండేదట. అందుకని ఊరంతా చేతులెత్తి దానికి 'పరాంకుశం కేసులు' సీరియల్లోని డిటెక్టివ్ గొంతూ, గుణమూ పెట్టించారు. భూమి మీద ఆ సీరియల్ ఎప్పుడో ఆగిపోయింది. ఇక్కడ మూడు ఊళ్లలోనూ అది చూడని ఇల్లు లేదు.

చూసి ఊరుకోరు. పలకల మీద ఒక గుంపు కట్టుకుని దాని మీద సొంత కథలు అల్లుతారు. సీరియల్లో పరాంకుశం నవ్వడు, జంకడు, అబద్ధమాడడు. గుంపులో మాత్రం ఆయనకు బల్లి అంటే భయం, మీసం అతికించుకున్నది, ఆయన వెనక తిరిగే కానిస్టేబుల్ సోమిదేవమ్మే అసలు కేసులన్నీ తేలుస్తుంది. వంద మంది మెచ్చిన అల్లిక యంత్రం గుణంలో కూడా చేరిపోతుంది. రోజూ ఒకే మనిషిని వింటే విసుగని ఊరివాళ్లు పెట్టుకున్న ఏర్పాటు అది.

నేను చదువుతాను. నవ్వుకుంటాను. ఎప్పుడూ రాయలేదు.

శుద్ధ తదియ

గాలి బాగుంది.

పొద్దుటి కబురులో బండి ఏడో రాయి దాటిందని పరాంకుశం చెప్పాడు.

ఒంటరిగా తోచక సీరియల్ మొదటి భాగం పెట్టాను. పెళ్లయిన వారంలో మేమిద్దరం చూసింది అదే. పరాంకుశం ఒక ఇంటి తలుపు కొడతాడు. ఒకావిడ తీస్తుంది. "మీ ఆయన చనిపోయాడు. కూర్చోండి" అంటాడు, కన్ను కూడా ఆర్పకుండా. ఆవిడ అరుస్తుంది. అప్పుడు నేను మొహం తిప్పుకుంటే మా ఆయన లేచి మంచినీళ్లు తెచ్చి పక్కన పెట్టారు.

ఇవాళా చూడలేకపోయాను. ఆపేసి పలక తీసుకుని, తొమ్మిదో గది అని మారుపేరు పెట్టుకుని ఒక అల్లిక రాశాను. పరాంకుశం తలుపు కొట్టాడు. ఆవిడ మొహం చూశాడు. చెప్పాల్సిన మాట గొంతులోనే ఉండిపోయింది. "అమ్మా, మజ్జిగ ఉందా?" అన్నాడు. తాగాడు. బాగుందన్నాడు. ఇంకో గ్లాసు అడిగాడు. ఏడు గ్లాసులు తాగి దండం పెట్టి వెళ్లిపోయాడు. వీధి చివర సోమిదేవమ్మ నెత్తి కొట్టుకుంది.

పంపేశాక చెవులు వేడెక్కాయి. పలక బియ్యం డబ్బా వెనక పెట్టాను.

శుద్ధ పంచమి

గాలి బాగుంది. జల్లెడ మార్చాను. నీళ్లు ఒక బిందె.

బండి మంచు గుంట చేరింది.

నా అల్లికను రెండు వందల మంది మెచ్చారు. దాని మీద జనం ఇంకా అల్లుతున్నారు. ఏ ఇంటికి చెడ్డ వార్త మోయాల్సి వచ్చినా పరాంకుశం మజ్జిగ తాగి వచ్చేస్తున్నాడు. ఆయనకు జలుబు చేసింది. సోమిదేవమ్మ నిలదీస్తే, "ఎవరికీ చెప్పకు. రేపు చెబుదాం" అంటాడు, ప్రతి రోజూ. అది పక్క ఊరి ఆయనెవరో రాశారు. దాన్ని నాకంటే ఎక్కువ మంది మెచ్చారు.

ఎదురింటి తవుడమ్మప్ప మళ్ల దగ్గర ఆ కథంతా నాకే చెప్పింది. ఏడో గ్లాసు దగ్గరికి వచ్చేసరికి నవ్వలేక మొలకల మీద చెయ్యి ఆనించింది.

"ఎవులు రాసినారో గాని, ఆల సెయ్యి సల్లగుండ. అంతలేసి మీసాలోడు, ఆడదాని మొకం సూసి జావగారిపోనాడే!"

నేను మొలకలు లెక్కపెడుతున్నట్టు వంగి ఉండిపోయాను. లోపల మాత్రం దీపం పెట్టినట్టుంది.

శుద్ధ సప్తమి

గాలి బాగుంది.

పొద్దుటి కబురుకు పరాంకుశం రోజూకంటే ఆలస్యంగా వచ్చాడు. గోడలోంచి దగ్గాడు.

"వరహాలమ్మా, బండి బాగానే ఉంది. ఇవాళ మజ్జిగ చేశారా?"

పొడి కలిపి చేశానన్నాను. మంచిదన్నాడు. చిక్కగా ఉందా, పలచగా ఉందా అని అడిగాడు. పలచగానే అన్నాను. అలాగే చేయాలి అన్నాడు. తర్వాత వెళ్లిపోయాడు.

నా అల్లిక ఆయన గుణంలో చేరినట్టుంది. బల్లి భయం చేరినప్పుడు కూడా కొత్తలో ఊరంతా నవ్వుకుంది. నేనూ నవ్వుకోవాలనుకున్నాను. బండి ఏ రాయి దగ్గరుందో ఆయన చెప్పలేదన్న సంగతి తోటకూర కోస్తుండగా తట్టింది.

శుద్ధ అష్టమి

గాలి బాగుంది. జల్లెడ దులపలేదు.

ఇవాళ కూడా మజ్జిగే అడిగాడు. రాయి పేరు నేనే అడిగాను. "బాగానే ఉంది. మిగతాది రేపు చెబుదాం" అన్నాడు.

తవుడమ్మప్పను పిలిచి, మీ ఇంట్లో మజ్జిగ అడిగాడా అన్నాను. లేదంది. మా పలచటి మజ్జిగ ఆడికేటి నచ్చుతాది అని నవ్వింది. ఆ వరసలో ఇంకో నాలుగు ఇళ్ల తలుపులు కొట్టాను. ఈ ఊరికి వచ్చాక నేను ఎవరి తలుపూ కొట్టి ఎరగను. ఏ ఇంట్లోనూ అడగలేదు. గౌరమ్మ గారింట్లో రెండు రోజులుగా అడుగుతున్నాడు. చివరికి అప్పలకొండ ఇంటికి వెళ్లాను. బల్ల మీద గ్లాసు నిండా మజ్జిగ, పైన మూత.

"తాగలేడని తెలుసులే. అడిగినాడు కదాని సేసి ఎట్టినాను" అంది.

మజ్జిగ అడిగింది మూడు ఇళ్లలో. మూడూ బండి మీద వెళ్లినవాళ్ల ఇళ్లు. నా కథలో ఆ అడగడానికి ఒకటే అర్థం. దాన్ని అప్పలకొండ గుమ్మంలో నిలబడి చెప్పలేకపోయాను. నేను కూడా, బాగుందా మజ్జిగ, అని అడిగి వచ్చేశాను.

తవుడమ్మప్పకు అంతా చెప్పాను, రాసింది నేనేనన్న మాటతో సహా. ఆమె నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని పెద్ద ఇంజనీరు దక్షిణామూర్తి గారి దగ్గరికి తీసుకుపోయింది. ఆయన సీరియల్ చూడరు. మా ఎదుటే పరాంకుశాన్ని అడిగారు. బండి బాగానే ఉందనీ, మిగతాది రేపు చెబుదామనీ జవాబు వచ్చింది. రెండు రోజులుగా ఇదే చెబుతున్నాడు, మాట తీరు కాబోలనుకున్నానన్నారు ఇంజనీరు గారు. అప్పుడు ఆయనకు కూడా చెప్పాను.

యంత్రం లోంచి పరాంకుశాన్ని తీసేయవచ్చట. దానికి పూర్తిగా ఒక రోజు పడుతుంది. ఆ రోజంతా యంత్రానికి చెవులుండవు. బండిలోవాళ్లు పిలుస్తుంటే వినే దిక్కుండదు. వెతకడానికి వెళ్దామా అంటే ఊళ్లో మిగిలింది ఒక్క బండి, గుంట నుంచి వచ్చే దారులు రెండు. తప్పు దారిన వెళ్తే తిరిగి వచ్చేసరికి వాళ్ల గాలి అయిపోతుంది.

"ఎక్కడున్నారో అతనికి తెలుసమ్మా. చెప్పడు, అంతే. మీరు చెప్పించగలరా?"

నేను రాసినప్పుడు చెడ్డ వార్త అంటే అయిపోయిన వార్త. చెప్పినా చెప్పకపోయినా మారేది లేదు. ఇది అయిపోయిందో లేదో నాకు తెలియదు. తెలుసుకోవాలని ఉంది. తెలియకూడదని కూడా ఉంది.

ఇంకో అల్లిక రాయాలి. వంద మంది మెచ్చాలి. పలక చేతిలో పట్టుకుంటే అక్షరాలు అలుక్కుపోయాయి. ఆ వేళకు జనమంతా వంటశాలలో ఉంటారు, పలకలు ఎవరూ చూడరు.

"రాయొద్దు. మైకులో సెప్పు" అంది తవుడమ్మప్ప.

"నావల్ల కాదప్పా."

"కాకపోతే ఎలగ? నీ మొగుడి కోసం నాను సెప్పనా?"

వంటశాలలో నూట ఇరవై మంది ఉన్నారు. పప్పు గిన్నెల మోత. మైకు పట్టుకుంటే నా ఊపిరే నాకు వినిపించింది. తొమ్మిదో గది నేనేనని చెప్పాను. ఎవరో చప్పట్లు కొట్టబోయి నా మొహం చూసి ఆగిపోయారు. జరిగింది చెప్పాను. గౌరమ్మ గారు గోడ పట్టుకున్నారు. అప్పలకొండ అన్నం పళ్లెం కింద పెట్టింది.

అప్పుడు కథ మొదలుపెట్టాను.

పరాంకుశం మీద ఇన్ని అల్లుకున్నాం, ఆ తలుపు తీసిన ఆవిడ మీద ఒక్కటీ అల్లలేదు. సీరియల్లో ఆవిడకు పేరు కూడా లేదు. ఆవిడ పేరు ఆదెమ్మ అన్నాను. ఆదెమ్మకు మోకాళ్ల నొప్పులు. ఇంట్లో రెండే కుర్చీలు. తలుపు తీసింది, మీసాలాయన ఉన్నాడు, మజ్జిగ అడిగాడు. ఆదెమ్మ లోపలికి వెళ్లి మజ్జిగ తేలేదు. కుర్చీలు తెచ్చింది. ఒకటి ఆయనకు వేసింది, ఒకటి తనకు వేసుకుంది.

ఆ తర్వాత మాట నాకు ముందుగా తెలియదు. ఆదెమ్మ నోటితోనే వచ్చింది.

"బాబూ, నివ్వెందుకొచ్చినావో నాకు తెలుసు. సెప్పడం నీకు కట్టం. ఇనడం నాకు కట్టం. నాను ఇంటాను. నివ్వు సెప్పు. సెప్పీసి లెగిసి ఎల్లిపోకు. నా కాడ కూకో."

పరాంకుశం కూర్చున్నాడు, చెప్పాడు, వెళ్లిపోలేదు. కథ అంతే అన్నాను.

తవుడమ్మప్ప నా మాటల్ని తన పలకలో పట్టి గుంపులోకి పంపింది. జనం పలకలు తీశారు. తవుడమ్మప్ప లెక్క చదువుతోంది. నలభై. అరవై రెండు. చేతులు పప్పుతో ఉన్నవాళ్లు మోచేత్తో నొక్కారు. పక్క ఊళ్ల నుంచి కూడా పడుతున్నాయి. తొంభై ఎనిమిది. అప్పలకొండ లేచి వచ్చి, పలక లేదని తవుడమ్మప్ప పలక మీదనే తన పేరు కొట్టింది. తర్వాత గౌరమ్మ గారు.

గోడలోంచి దగ్గు వినిపించింది.

"ముగ్గురూ కూర్చోండమ్మా" అన్నాడు పరాంకుశం. "నేనూ కూర్చుంటున్నాను."

నిన్న తెల్లవారుజామున, తూర్పు దారిలో, పదకొండో రాయి అవతల బండి గోతిలోకి ఒరిగింది. లక్షుమ్నాయుడికి దెబ్బ తగల్లేదు. గవరయ్యకు కాలు విరిగింది. లోపల గాలి దశమి దాకా వస్తుంది. చక్రం చూడటానికి దిగి ఉన్న సత్తిరాజు బండి కింద పడ్డాడు. అతను లేడు.

"అప్పలకొండమ్మా," అన్నాడు, "నేనెక్కడికీ వెళ్లడం లేదు."

ఆమె అరవలేదు. నేను ఆమె పక్కకు వెళ్లేసరికి ఇంజనీరు గారు మిగిలిన బండి వైపు పరుగెడుతున్నారు.

శుద్ధ నవమి

గాలి బాగుంది. మా ఇంట్లో కాదు, అప్పలకొండ ఇంట్లో కూర్చుని రాస్తున్నాను.

పరాంకుశం గోడలో ఉన్నాడు. ఏమీ మాట్లాడడు. గంటకోసారి దగ్గుతాడు, ఉన్నానని తెలిసేలా.

సాయంత్రం ఆమె, "మొన్నటేల నుండి నిన్నటి దాకా నాకు మనిసున్నాడు. నీ కతే కదా" అంది. తిట్టో, కృతజ్ఞతో నాకు తెలియలేదు. అడగలేదు. ఆమెకు కూడా తెలియదేమో. తల దువ్వుతానంటే ఊరుకుంది.

రాత్రి భోజనం వేళకు కబురు వచ్చింది. వెతకడానికి వెళ్లిన బండి పదకొండో రాయి చేరింది.

శుద్ధ ఏకాదశి

గాలి బాగుంది. నీళ్లు ముప్పావు బిందె. అందరూ సర్దుకుంటున్నారు.

వచ్చారు. సత్తిరాజును కూడా తెచ్చారు. ఊరంతా ముందు అతని దగ్గర నిలబడ్డాం. ఆ తర్వాతే ద్వారం గదిలోకి వెళ్లాను.

మా ఆయన్ను బల్ల మీద పడుకోబెట్టి ఉంచారు. కుంచె తీసుకుని దులిపాను. భుజాలు. వీపు అందలేదు. ఒక మోకాలు. విరిగిన కాలు దగ్గర ఆగిపోయాను. ఆయన నన్నే చూస్తున్నారు.

"నీకింత గొంతుందేటి?" అన్నారు.

వంటశాల మైకును పరాంకుశం బండిలోకి వినిపించాడట. అంతకుముందు రోజంతా వీళ్లు పిలిచినప్పుడల్లా, రేపు చెబుతాను, రేపు చెబుతాను అన్నాడట. వీళ్లు ఇక ఆశ వదులుకుంటుండగా నా మాటలు వినిపించాయట. ఆదెమ్మ కుర్చీలు వేసేదాకా అది నేనని ఆయనకు తెలియలేదట. లక్షుమ్నాయుడు ఎవరిదీ గొంతు అని అడిగితే, మా ఆడదే అనుకుంటాను అన్నారట.

"ఐదు నెలలకి నీ మాట ఇన్నాను. అదీ గోతిలో."

ఆ రాసిన కథ వల్లే మీకు రోజు ఆలస్యమైంది, సత్తిరాజు అలా అయిపోయాడు అని ఏడ్చాను. సత్తిరాజు బండి ఒరిగిన నిమిషంలోనే పోయాడని, రాసినా రాయకపోయినా పోయినట్టేనని ఆయన చెప్పారు. ఆ తర్వాత నేనే మాట్లాడాను. ఏం మాట్లాడానో రాయను. దానికి గాలి పుస్తకంతో సంబంధం లేదు.

పౌర్ణమి

గాలి బాగుంది. నీళ్లు రెండు బిందెలు. రెండో బండి మళ్లీ వెళ్లి, గోతిలో ఒరిగిన బండిలోని మంచు తెచ్చింది.

ఇవాళ పొద్దు గుంకుతోంది. భూమి నల్లబడింది. నీడలు మళ్లీ మైలు పొడవు సాగాయి.

పరాంకుశాన్ని తీసేయాలా అని నిన్న ఊరు కూర్చుంది. ఉంచుదామన్నవాళ్లే ఎక్కువ. అల్లిక ఇక వంద మంది మెచ్చగానే చేరదు. ముందు ముగ్గురు పెద్దలు చదవాలి. ఆ ముగ్గురిలో ఒకరుగా నన్ను ఉండమన్నారు. చదవడం వచ్చుననీ, భయం కూడా తెలుసుననీ ఇంజనీరు గారు అన్నారు.

మధ్యాహ్నం అప్పలకొండ దగ్గరికి వెళ్లాను. వారం రోజులుగా మంచం దిగలేదు. గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పరాంకుశం దగ్గాడు, నేను వచ్చానని ఆమెకు చెప్పడానికి.

"వరాలూ, నా మనిసిని ఆ సీరియల్లో ఎట్టు" అంది, తిరక్కుండానే.

తిరిగొచ్చాడని నేను రాయలేను, రాస్తే పరాంకుశం నమ్మేస్తాడు, రేపు ద్వారం దగ్గర సత్తిరాజు కోసం తలుపు తెరుస్తాడు. అదే మెల్లగా చెప్పాను.

"అలగని నానడిగినానా? ఈదిలో ఒకపాలి నడిసి ఎల్లిపోతే సాలు. ఎవులూ పలకరించొద్దు."

మంచం అంచున కూర్చుని పలక మీద రాశాను. రెండు వరసలే. పరాంకుశం ఆదెమ్మ ఇంటి నుంచి వస్తున్నాడు. సాయంత్రపు వీధి. ఎదురుగా ఒక మనిషి, భుజాన పనిముట్ల సంచితో, నెమ్మదిగా నడుచుకుంటూ వెళ్లిపోయాడు. పరాంకుశం పక్కకు జరిగి దారి ఇచ్చాడు.

చదివి వినిపించాను. అప్పలకొండ నా వైపు తిరిగింది.

"నెమ్మదిగేటి? ఆడెప్పుడు నెమ్మదిగెల్లినాడు? ఆడు నడవడే పిల్లా, గెంతుతాడు."

ఆ మాట కొట్టేశాను. ఎలా గెంతేవాడు, రెండు కాళ్లతోనా, ఒక కాలితోనా అని అడిగాను.

ఉండు సూపిత్తాను అని అప్పలకొండ మంచం దిగింది.